పిల్లల ఫోన్‌లో ఎంతవరకు చూడొచ్చు?

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు. ఎప్పుడు చూసినా వాట్సాప్‌లోనే ఉంటుంది. ఎవరితో అని అడిగితే 'ఫ్రెండ్స్' అని ఊరుకుంటుంది. తనకు తెలియకుండా మెసేజ్‌లన్నీ మా ఫోన్‌కి వచ్చేలా చేసే యాప్ ఒకటి ఉందన్నారు. ప్లే స్టోర్‌లో దొరకదట, వాళ్ల సైట్ నుంచే దించుకోవాలట. పెట్టమంటారా?

జవాబు: వద్దండి. తప్పా ఒప్పా అన్న చర్చ కాసేపు పక్కన పెట్టి, ఆ యాప్ ఎలా పనిచేస్తుందో చూడండి. వాట్సాప్‌లో 2016 నుంచి ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది, అంటే పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప ఇంకెవరూ చదవలేని తాళం, కాబట్టి మెసేజ్‌ను మధ్యదారిలో పట్టుకుని చదవడం కుదరదు. ఇలాంటి యాప్‌లు ఎక్కువగా ఫోన్ తెర మీద కనపడేదాన్నే చదువుతాయి. అందుకే ఆండ్రాయిడ్‌లో 'యాక్సెసిబిలిటీ' అనుమతి అడుగుతాయి. చూపు లేనివాళ్లకు తెర మీదున్నది చదివి వినిపించడం లాంటి అవసరాల కోసం పెట్టిన సదుపాయం అది. ఒకసారి ఇచ్చారంటే చాటింగే కాదు, ఓటీపీలు, మెయిళ్లు, గూగుల్‌లో వెతికినవి అన్నీ దాని కంట పడతాయి.

పెట్టే పద్ధతి చూస్తేనే అనుమానం రావాలి. ముందు ప్లే ప్రొటెక్ట్‌ను, అంటే హానికరమైన యాప్‌లను పట్టుకునే గూగుల్ కాపలాను, ఆపేయమంటారు. ఆండ్రాయిడ్ 13 నుంచి బయట దించిన యాప్‌కి యాక్సెసిబిలిటీ నేరుగా ఇవ్వనివ్వదు, అందుకని 'రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్'ని కూడా విడిగా అనుమతించమంటారు. అంటే అమ్మాయి ఫోన్‌కున్న కాపలా అంతా మీ చేతులతోనే తీసేస్తారన్నమాట. పిల్లల మీద నిఘాకి వాడే యాప్ దాక్కోకూడదని, నోటిఫికేషన్, ఐకాన్ ఎప్పుడూ కనపడాలని ప్లే స్టోర్ నియమం. దొంగచాటు యాప్‌లు అక్కడ లేకపోవడానికి కారణం అదే.

చదివినదంతా ఎవరిదో సర్వర్‌కి చేరుతుంది. అక్కడ ఏం జరుగుతుందో చాలాసార్లు బయటపడింది. టీన్‌సేఫ్ అనే కంపెనీ, తన నిఘా యాప్ పనిచేయడానికి పిల్లల ఆపిల్ ఐడీకి ఉన్న టూ-ఫ్యాక్టర్ రక్షణ (పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగేది) తీసేయమనేది. 2018లో ఆ కంపెనీ సర్వర్ పాస్‌వర్డ్ రక్షణ లేకుండా ఇంటర్నెట్‌లో కనపడింది. పిల్లల ఆపిల్ ఐడీలు, పాస్‌వర్డ్‌లు మామూలు అక్షరాల్లోనే ఉన్నాయి. స్పైఫోన్ అనే నిఘా యాప్ కంపెనీని 2021లో అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ ఈ వ్యాపారం నుంచే నిషేధించింది. అలాంటిదే లెట్‌మీస్పై అనే యాప్ 2023లో హ్యాక్ అయ్యి మూతపడింది. పైగా అమ్మాయి స్నేహితులు తనను నమ్మి రాసుకున్న మాటలు కూడా ఆ మూటలోనే పోతాయి, వాళ్లను మీరు అడగనే లేదు.

ఇంత చేసినా పని జరుగుతుందా అంటే, సగమే. ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఆ యాప్‌ను మధ్యలో ఆపేయొచ్చు. వాయిస్ మెసేజ్‌లో ఏముందో తెర మీద అక్షరాల్లో ఉండదు. ప్రమాదకరమైన మాటలు కనిపిస్తేనే హెచ్చరిస్తామనే రకం యాప్‌లు ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేసిన తెలుగు దగ్గర తడబడతాయి. 'చంపేస్తా రా' అని స్నేహితుడు సరదాగా అన్నా గంట మోగొచ్చు, నిజంగా బెదిరిస్తున్నవాడు మర్యాదగా రాస్తే మోగకపోవచ్చు.

ప్రశ్న: మా బాబుకి పదేళ్లు. పిల్లల ఫోన్‌ను అదుపు చేసే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్ పెట్టాం. టైం అయితే కంట్రోల్ అవుతోంది గానీ మెసేజ్‌లు మాకు కనపడటం లేదు. సెట్టింగ్‌లో ఏదైనా తప్పు చేశామా?

జవాబు: తప్పేం లేదు. గూగుల్ దాన్ని తయారుచేయడమే అలా చేసింది. ఏ యాప్ ఎంతసేపు వాడాడు, కొత్తది దించుకోవచ్చా, ఫోన్ ఎక్కడుంది అనేవి మీ చేతిలో ఉంటాయి, మెసేజ్ లోపలి మాట మాత్రం ఉండదు. ఐఫోన్ స్క్రీన్ టైమ్ కూడా అంతే. ఇన్‌స్టాగ్రామ్ 2024లో తెచ్చిన టీన్ అకౌంట్‌లో, స్నాప్‌చాట్ ఫ్యామిలీ సెంటర్‌లో గడిచిన ఏడు రోజుల్లో ఎవరెవరితో మాట్లాడారో పేర్లు కనపడతాయి, మాటలు కనపడవు. మా ఉద్దేశంలో గీత గీయాల్సిన చోటు కూడా అదే. రాత్రి ఒంటిగంటకి మీరెప్పుడూ వినని పేరుతో చాట్ నడుస్తోందంటే, అడగడానికి ఆ పేరు, ఆ టైమ్ చాలు.

మీ సెట్టింగ్‌లో నిజంగా చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. యూట్యూబ్ యాప్‌కి గంట అని పెడితే అది యాప్‌కే వర్తిస్తుంది, బాబు క్రోమ్ తెరిచి అదే సైట్‌లో చూడొచ్చు. కాబట్టి సైట్‌ను కూడా క్రోమ్ ఫిల్టర్లో చేర్చండి. ఆ ఫిల్టర్ క్రోమ్‌లోనే పనిచేస్తుంది, అందుకని ఫోన్‌లో ఉన్న మిగతా బ్రౌజర్లను ఫ్యామిలీ లింక్ నుంచి బ్లాక్ చేయండి. ఐఫోన్ ఉన్నవాళ్లు స్క్రీన్ టైమ్ పాస్‌కోడ్, ఫోన్ తెరిచే పాస్‌కోడ్ ఒకటే పెట్టొద్దు. పిల్లల ఎదురుగా కొట్టొద్దు కూడా, నాలుగంకెలు చూసి గుర్తుపెట్టుకోవడం వాళ్లకు ఓ లెక్క కాదు. ఎవరితో మాట్లాడొచ్చో హద్దు పెట్టే 'కమ్యూనికేషన్ లిమిట్స్' కాల్స్‌కి, ఫేస్‌టైమ్‌కి, మెసేజెస్‌కి వర్తిస్తుంది, వాట్సాప్‌కి కాదు. 'కమ్యూనికేషన్ సేఫ్టీ' మాత్రం ఆన్‌లో ఉంచండి. నగ్న చిత్రం వస్తే మసకబరిచి చూపిస్తుంది, ఆ పరిశీలనంతా ఫోన్‌లోనే జరుగుతుంది, ఆపిల్‌కి ఏమీ వెళ్లదు.

బాబుకి పదమూడు వచ్చి వాట్సాప్ పెట్టుకున్నరోజు, పక్కన కూర్చుని ప్రైవసీలో 'గ్రూప్స్'ను 'మై కాంటాక్ట్స్'కి మార్చండి, అప్పుడు తెలియనివాళ్లు వాణ్ని గ్రూపుల్లో చేర్చలేరు. తెలియని నంబర్ల కాల్స్‌కి 'సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్' ఆన్ చేయండి. పరాయివాళ్లు చొరబడటం అక్కడే చాలావరకు ఆగుతుంది.

ప్రశ్న: నాకు పదహారేళ్లు. నాన్న నా వాట్సాప్ తన ల్యాప్‌టాప్‌లో తెరిచి చూస్తున్నారని డౌటు. ఎలా తెలుస్తుంది? చూడొద్దని అడిగే హక్కు నాకు ఉందా?

జవాబు: వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' తెరిచి చూడు. నీ అకౌంట్ ఇంకా ఎక్కడెక్కడ తెరిచి ఉందో, చివరిసారి ఎప్పుడు వాడారో అక్కడే ఉంటుంది. నాలుగు డివైస్‌ల దాకా కలుపుకోవచ్చు. నీది కానిది కనిపిస్తే దాని మీద నొక్కితే లాగౌట్ వస్తుంది. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, నోటిఫికేషన్ యాక్సెస్, డివైస్ అడ్మిన్ యాప్స్ కూడా ఓసారి చూడు, నీకు తెలియని యాప్ ఏదైనా ఉందేమో.

హక్కు ఉంది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 16వ అధికరణం పిల్లల ఏకాంతం గురించే. తల్లిదండ్రుల నిఘా అవసరానికి తగినంతే ఉండాలని, పిల్లలు ఎదిగేకొద్దీ దానికి తగ్గట్టు ఉండాలని 2021లో ఆ ఒడంబడిక కమిటీ వ్యాఖ్య కూడా చెప్పింది. అయితే నాన్నగారి దగ్గర ఒడంబడిక చదివితే పని అవదు. గప్‌చుప్‌గా లాగౌట్ కొట్టేకన్నా, ఆ స్క్రీన్ చూపించి 'నాన్నా, దేనికి భయపడుతున్నారు?' అని అడుగు. బదులుగా ఏదైనా ఇవ్వు: లొకేషన్ షేరింగ్, రాత్రి ఫోన్ హాల్లో చార్జింగ్‌కి పెట్టడం. ఉత్త 'నన్ను నమ్మండి' కన్నా దానితో విషయం తొందరగా తేలుతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగు. ఎవరో అమ్మాయి పేరుతో పరిచయమై, ఫొటో తెప్పించుకుని, ఇప్పుడు డబ్బు పంపకపోతే అందరికీ పంపిస్తామంటున్నారు. వాడే ఏడుస్తూ చెప్పాడు. చాట్ అంతా చదవాలా? భయంతో డిలీట్ చేసేద్దామనుకుంటున్నాం.

జవాబు: డిలీట్ చేయొద్దు. ఇప్పుడు చదవాల్సిందే, కాకపోతే వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, వాడి చేత్తోనే తెరిపించి. ముందు స్క్రీన్‌షాట్లు: అవతలివాడి యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింకు, దేశం కోడ్‌తో సహా నంబరు, డబ్బు అడిగిన మెసేజ్, ఎక్కడికి పంపమన్నాడో ఆ వివరం, తేదీ, టైమ్. వాట్సాప్‌లో 'డిసప్పియరింగ్ మెసేజెస్' ఆన్‌లో ఉంటే 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో మాయమైపోతాయి. దాన్ని ఆపినా పాతవాటి గడియారం ఆగదు, అందుకే తొందర.

తర్వాత ఆ యాప్‌లోనే రిపోర్ట్ కొట్టి, ఆ తర్వాతే బ్లాక్ చేయండి. డబ్బు పంపొద్దు. పంపినవాడు మళ్లీ పంపుతాడని వాళ్లకు తెలుస్తుంది, అంతే. స్క్రీన్‌షాట్లతో పోలీసు సైబర్ విభాగానికి వెళ్లండి. ఆ ఫొటోను మాత్రం సలహా కోసమని కూడా ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి, చాలా దేశాల్లో అది కూడా నేరమే.

పద్దెనిమిదేళ్లు నిండకముందు తీసిన ఫొటోలకు 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. తప్పిపోయిన, వేధింపులకు గురైన పిల్లల కోసం అమెరికాలో పనిచేసే ఎన్‌సీఎంఈసీ సంస్థది, ఏ దేశం వాళ్లయినా పేరు చెప్పకుండా వాడుకోవచ్చు. ఫొటో మీ ఫోన్ దాటి వెళ్లదు, దాని నుంచి తయారైన ఒక కోడ్ మాత్రమే వెళ్తుంది. ఒప్పుకున్న కంపెనీలు ఆ కోడ్‌తో పోల్చి ఫొటోను తీసేస్తాయి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, స్నాప్‌చాట్ అందులో ఉన్నాయి. ఎన్‌క్రిప్ట్ అయిన చాట్‌లలో తిరిగే ఫొటోను అది పట్టుకోలేదు.

ఫోన్ లాక్కోకండి. ఇలాంటి పిల్లల్లో చాలామంది ముందే చెప్పకపోవడానికి ఆ భయమే కారణం, వాడు దాన్ని దాటుకుని వచ్చి చెప్పాడు. కొన్నాళ్లు వాణ్ని ఒంటరిగా వదలకుండా, రాత్రుళ్లు దగ్గర్లో ఎవరో ఒకరు ఉండేలా చూడండి.