వెళ్లనివాళ్లనీ కలువు

అమ్మాయీ,

నీ సినాప్సిస్ చదివాను. మావోయిస్టు పార్టీ నుంచి లొంగిపోయిన ముప్పై మందిని ఇంటర్వ్యూ చేసి, కుర్రాళ్లు ఆ దారి పట్టకుండా ఏం చేయాలో చెప్తానన్నావు. మంచి పని. 2025 మేలో పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు, అక్టోబరులో పొలిట్‌బ్యూరో సభ్యుడు మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలో లొంగిపోయాడు. ఇక అంతా అయిపోయిందని పేపర్లు రాస్తున్నాయి. అందుకే ఇప్పుడైతే మాట్లాడేవాళ్లు దొరుకుతారు. కానీ నీ ప్లానులో ఒక పెద్ద లోటు ఉంది. నువ్వు కలవబోయేది అందరూ వెళ్లినవాళ్లే.

వెళ్లినవాళ్లలో పేదలే ఎక్కువని తేలిందనుకో, దాంతో ఏం తెలిసింది? ఆ ఊళ్లో వెళ్లనివాళ్లూ పేదలే కదా. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా తెచ్చిన 1/70 చట్టం వచ్చాక కూడా భూములు చేజారినవాళ్లు ఏజెన్సీలో ప్రతి మండలంలోనూ ఉన్నారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసు కాల్పులు జరిగినప్పుడు ఆదిలాబాద్ అడవుల్లో కడుపు మండనివాళ్లు లేరు. అయినా దళంలోకి వెళ్లింది కొందరే. అందుకని లొంగిపోయిన ప్రతి మనిషికీ జతగా అదే ఊళ్లో, అదే వయసులో, అదే కష్టం పడి ఇంటిపట్టున ఉన్న ఇంకొకరిని వెతుకు. అన్న వెళ్లి తమ్ముడు ఆగిపోయిన ఇల్లు దొరికితే వదలకు. ముప్పై మంది అక్కర్లేదు, పదిహేను జతలు చాలు. ఆగిపోయినవాడికి పెళ్లి కుదిరిందా, సింగరేణిలో పని దొరికిందా, దుబాయి వీసా వచ్చిందా, తీసుకెళ్లాల్సిన మనిషి ఆ వారమే అరెస్టయ్యాడా? నివారణ, నివారణ అని మనం సెమినార్లలో మాట్లాడే దానికి జవాబు ఉంటే అక్కడే ఉంటుంది.

"ఎందుకు చేరావు?" అని మొదలుపెట్టకు. ఆ ప్రశ్నకి వాళ్ల దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి పార్టీ క్లాసుల్లో నేర్చుకున్నది, రెండోది లొంగిపోయిన రోజు ప్రెస్‌మీట్‌లో చెప్పింది. ఎలా చేరాడో అడుగు. మొదట ఊళ్లోకి ఎవరొచ్చారు, ఎవరింట్లో అన్నం తిన్నారు, నీకు అప్పజెప్పిన మొదటి పని ఏంటి, ఇంట్లో ఏమని చెప్పి బయల్దేరావు. ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ మీద పనిచేసిన జాన్ హోర్గన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ పద్ధతి గురించి బాగా రాశాడు. తుపాకీ వదలడం వేరు, అభిప్రాయం మార్చుకోవడం వేరు అని కూడా ఆయన నొక్కి చెప్తాడు. మోకాళ్ల నొప్పులతో బయటికొచ్చినవాడిని "మారిన మనిషి" గడిలో వేసేయకు.

ఏ సంవత్సరమని అడిగితే చాలామంది తడబడతారు. మేడారం జాతర ముందా తర్వాతా అని అడుగు. హైదరాబాదులో ప్రభుత్వంతో పార్టీ చర్చలప్పుడు, అంటే 2004 అక్టోబరులో, ఎక్కడున్నావని అడుగు. పార్టీ మీద నిషేధం ఎత్తేసిన 2004 జులైకీ, మళ్లీ పెట్టిన 2005 ఆగస్టుకీ మధ్య సభలకి వచ్చినవాడి కథ, ఆ తర్వాత వచ్చినవాడి కథ ఒకలా ఉండవు. హోదా దగ్గర కూడా జాగ్రత్త. తల మీదున్న రివార్డు సొమ్మునే లొంగిపోయాక పునరావాసం కింద ఇస్తారు, అది హోదాను బట్టి ఉంటుంది. వాళ్లు అబద్ధమాడతారని కాదు, రెండోచోట కూడా సరిచూసుకోమంటున్నాను.

ఇక నాకు నిద్రపట్టనివ్వని సంగతి. లాయరుకీ క్లయింటుకీ మధ్య మాటలకున్న రక్షణ మన చట్టంలో పరిశోధకుల నోట్సుకి లేదు. కాబట్టి మాటలు మొదలవ్వకముందే చెప్పు: "పాత కేసుల సంగతులు, ఎవరు కాల్చారు, ఆయుధాలు దాచిన డంప్ ఎక్కడుంది, ఇవి నాకు వద్దు." చెప్పబోతే ఆపు. పేర్ల బదులు నంబర్లు వాడు, ఏ నంబరు ఎవరిదో రాసిన కాగితం నోట్సుతో పాటు ఉంచకు. ఊరి పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. "కాలు పోయిన మాజీ కమాండర్, సర్పంచ్ తమ్ముడు" అని రాస్తే ఆ మండలంలో చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. ఇన్‌ఫార్మర్ అన్న అనుమానం మీద ఎంతమంది చచ్చిపోయారో నీకు తెలుసు. పోలీసు జీపులో వెళ్లకు, స్టేషన్లో కూర్చోబెట్టి మాట్లాడకు. పోలీసులు చూపించినవాళ్లతోనే లిస్టు నింపితే బాగా మాట్లాడ్డం వచ్చినవాళ్లే మిగులుతారు. ఇన్‌ఫార్మరని పార్టీ చంపినవాళ్ల ఇళ్లకీ వెళ్లు, ఎన్‌కౌంటర్లలో పిల్లల్ని పోగొట్టుకున్న ఇళ్లకీ వెళ్లు. ఒక వైపే వెళ్తే రెండో వైపు తలుపు నీకు తెరుచుకోదు.

చివర్లో "ముందస్తు సంకేతాల పట్టిక" ఇస్తానన్నావు. దాన్ని తీసెయ్యి. లక్ష మంది యువకుల్లో పది మంది వెళ్తారనుకుందాం. నీ పట్టిక ఎంత బాగున్నా, అందులోకి వచ్చే వేలమందిలో దాదాపు అందరూ ఎక్కడికీ వెళ్లనివాళ్లే. ఆ కాగితం స్టేషన్‌కి చేరితే వాళ్లందరినీ పిలిపిస్తారు, కొందరిని కొడతారు. దెబ్బలు తిని దళంలోకి పోయినవాళ్లు నీ జతల్లోనే కనబడొచ్చు, చూసుకో. నిధులిచ్చేవాళ్లకి ఇలాంటి పట్టికలంటే మోజు, మనకెందుకు ఆ గోల.

ఒకటి మాత్రం తప్పక చదువు. 2008లో ప్రణాళికా సంఘానికి నిపుణుల బృందం నక్సలైట్ల ప్రభావం ఉన్న ప్రాంతాల మీద ఒక నివేదిక ఇచ్చింది. మాజీ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్, పౌరహక్కుల నాయకుడు బాలగోపాల్ ఒక పక్క, మాజీ పోలీసు అధికారి ప్రకాశ్ సింగ్, మాజీ ఇంటెలిజెన్స్ బ్యూరో డైరెక్టర్ అజిత్ దోవల్ ఇంకో పక్క ఉన్న బృందం అది. గుర్తేడులో నక్సలైట్లు 1987లో కిడ్నాప్ చేసిన ఐఏఎస్ అధికారుల్లో శంకరన్ కూడా ఒకరు. ఆయనే తర్వాత ప్రభుత్వానికీ పార్టీకీ మధ్య చర్చల కోసం ఏళ్ల తరబడి తిరిగారు. ఇప్పుడు అలాంటి కమిటీ వేయగలరా అంటే నాకైతే నమ్మకం లేదు.

ఎథిక్స్ కమిటీకి కాగితాలు ఇచ్చే ముందు ప్రశ్నావళి నాకు పంపు. తెలుగులోనే పంపు. నువ్వు వెళ్లే కొన్ని గూడేల్లో మాట్లాడేది కోయ, గోండి. దుభాషి ఎవరో, ఆ మనిషి ఏ ఊరివాడో కూడా రాయి.

మీ సార్