బండి ఎత్తుకెళ్లారు, లాయర్‌కి డబ్బుల్లేవు

ప్రశ్న: మేడమ్, బస్టాండ్ దగ్గర తొమ్మిదేళ్లుగా టిఫిన్ బండి పెడుతున్నాను. సర్వే చేసి కార్డు కూడా ఇచ్చారు. మొన్న ముందుగా ఒక్క మాట చెప్పకుండా మున్సిపాలిటీ వాళ్లొచ్చి, పొయ్యి మీద ఇడ్లీలు ఉడుకుతుండగానే బండిని సామానుతో సహా ట్రాక్టర్‌లో వేసుకుపోయారు. కాగితం ముక్క ఇవ్వలేదు. వెళ్లి అడిగితే రేపు రా, ఎల్లుండి రా అంటున్నారు. తెలిసిన లాయర్ పదివేలు అడిగారు. మా ఆయన ఆటో నడుపుతారు కాబట్టి మాకు ఉచిత సాయం రాదని పక్క బండాయన అంటున్నాడు. నిజమేనా? (పేరు వద్దన్న పాఠకురాలు)

జవాబు: పక్క బండాయన మాట వదిలేయండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పని లేదు, మీ ఆయన ఆటో కాదు నాలుగు లారీలు తిప్పినా సరే, కేసులో పస ఉంటే మీకు లాయర్‌ని ఉచితంగా ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకి, దివ్యాంగులకి కూడా అంతే. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఎక్కడని అడగండి, తెల్లకాగితం మీద రాసిచ్చినా చాలు, కోర్టు ఫీజు కూడా మీరు కట్టక్కర్లేదు. ముందు ఫోన్‌లో కనుక్కోవాలంటే 15100.

ఇక బండి సంగతి. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం మన బండ్లవాళ్లలో చాలామందికి తెలీదు, ట్రాక్టర్ వేసుకొచ్చేవాళ్లకీ తెలీదేమో అనిపిస్తుంది నాకు! సర్వే పూర్తయి అందరికీ వెండింగ్ సర్టిఫికెట్లు, అంటే వీధిలో అమ్ముకోవడానికి అనుమతి పత్రాలు, ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. ఆ తర్వాతైనా 30 రోజుల నోటీసివ్వాలి. అప్పటికీ కదలకపోతేనే సామాను పట్టుకోవాలి, అది కూడా ఏమేం తీసుకెళ్తున్నారో లిస్టు రాసి, సంతకం పెట్టి, కాపీ మీ చేతికివ్వాలి. మీరు ఫీజు కట్టి అడిగితే పాడైపోయే సరుకు అదే రోజు, మిగతావి రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. మీ పిండి ఎలాగూ పోయింది, కానీ పొయ్యి, ఇడ్లీ పాత్రలు, ప్లేట్లు ఒక్కటీ వదలొద్దు.

నోటితో అడగడం ఇవాళ్టితో ఆపండి. కమిషనర్ పేరిట అర్జీ రెండు కాపీలు రాయండి, ఏ తేదీన, ఎన్ని గంటలకి, ఏమేం తీసుకెళ్లారో ప్లేట్ల లెక్కతో సహా రాసి, మీ కార్డు జిరాక్స్ జత చేసి, ఆఫీసులో అర్జీలు తీసుకునే ఇన్‌వార్డ్‌లో ఇచ్చి రెండో కాపీ మీద సీలు, తేదీ వేయించుకోండి. న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లేటప్పుడు చేతిలో ఉండాల్సింది ఆ కాపీయే. చాలాసార్లు కేసు దాకా పోనక్కర్లేదు, లాయర్ నోటీసుకే పని అవుతుంది.

అయితే ఆ చోటు ఎప్పటికీ మీదేనని చట్టం చెప్పదు. చోట్లు తేల్చడంలో టౌన్ వెండింగ్ కమిటీ, అంటే ఊళ్లో వీధి వ్యాపారాల సంగతి చూసే కమిటీ, మాట ముఖ్యం, అందులో కనీసం 40 శాతం వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. మీ ఊరి కమిటీలో ఎవరున్నారో అర్జీ ఇచ్చే రోజే అడిగేయండి.

ఇంకోటి, మీ బండి మీదున్నది ఇంటి కనెక్షన్ ఎర్ర సిలిండరైతే అది వేరే తలనొప్పి, ఆ మాట లాయర్‌కి ముందే చెప్పండి.