జింకల అడవిలో దారి ఎటు నుంచి కొట్టాలి?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, మిషిగన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఆఫీసు స్నేహితుడితో కలిసి ఊరికి దూరంగా ఇరవై ఎకరాల అడవి కొన్నాడు. అక్కడ సీజన్‌లో జింకల్ని వేటాడొచ్చట. ఈ చలికాలం ఇద్దరూ రంపాలు పట్టుకుని అడవి మధ్య నుంచి దారులు కొడతారట. మాది మాంసం తినే ఇల్లే అయినా జింక అనేసరికి నాకు మనసొప్పడం లేదు. పైగా మోటారు రంపం అంటే టెన్షన్. మీరు అటవీ శాఖలో రేంజ్ ఆఫీసరుగా చేశారు కదా, వాడికేం చెప్పమంటారు?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు వీసా సంగతి అడగండి. హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి దగ్గర ఉంచుకోవడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. వేట లైసెన్సు ఉన్నవాళ్ళకు మినహాయింపు ఉంది. అయినా ఒక లాయరుతో మాట్లాడాకే తుపాకి ముట్టుకోమనండి. తుపాకి వేట సీజన్ అక్కడ నవంబరు 15 నుంచి 30 వరకు. భూమి మీవాడిదే కావచ్చు గానీ, అందులో తిరిగే జింకలు మాత్రం వాడివి కావు. అవి ప్రజల సొత్తు. లైసెన్సు, సీజన్ లెక్కలన్నీ అందుకే.

ఇక మీ మనసు సంగతి. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దుప్పినైనా కణితినైనా వేటాడితే కేసే. ఆ చట్టాన్ని అమలు చేయడమే ఉద్యోగంగా బతికినవాణ్ణి, మీ బాధ నాకు తెలుసు. కానీ మన నల్లమలలో దుప్పుల సంఖ్యను అదుపులో పెట్టడానికి పెద్దపులి ఉంది, చిరుత ఉంది, రేచుకుక్కల మందలున్నాయి. మిషిగన్ దక్షిణ భాగంలో తోడేళ్ళు ఎప్పుడో పోయాయి. జింకలు మితిమీరితే చిగురు మొక్కల్ని మొదలంటా మేసేస్తాయి, కొత్త చెట్టు లేవదు. మా అమ్మాయి అక్కడే ఉంటుంది. వాళ్ళ ఇంటి వెనక అడవిలో నడిచినప్పుడు నడుము ఎత్తు దాకా పచ్చటి ఆకు కనిపించని చోట్లు నా కళ్ళతో చూశాను. అక్కడ పద్ధతి ప్రకారం జరిగే వేటను నేను తప్పు పట్టలేను.

నాకు అభ్యంతరం ‘అడవి మధ్య నుంచి’ అన్న మాటతోనే. ఇరవై ఎకరాలు జింకకు చాలా చిన్న చోటు. దట్టమైన పొదల్లో అది పగలంతా పడుకుంటుంది. ఆ పొదల్లోంచి దారి పోయిందంటే పక్కవాళ్ళ అడవిలోకి వెళ్ళిపోతుంది. వేట మాట అటుంచి, ఉన్న గూడు చెడగొట్టినట్టవుతుంది. దారి అంచు వెంబడి పోవాలి, పొదల్ని వదిలేయాలి.

రెండోది గాలి. అక్కడి తెల్లతోక జింకకు ముక్కే ప్రాణం. నాతో పనిచేసిన చెంచు ట్రాకర్ ఒకాయన నడుము గుడ్డలో పొయ్యి బూడిద మూటగట్టి ఉంచుకునేవాడు. పది అడుగులు వేయడం, చిటికెడు వదలడం, అది ఎటు తేలిందో చూసి అడుగు మార్చడం. దుప్పుల మందకు అంత దగ్గరగా మమ్మల్ని తీసుకెళ్ళినవాడు మళ్ళీ నాకు తగల్లేదు. మిషిగన్ వేటగాళ్ళు ఇదే పనికి చిన్న సీసాలో పొడి కొనుక్కుంటారు. అక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది కాబట్టి, జింకలు పడుకునే పొదలకు తూర్పు వైపు నుంచి దారి రావాలి. అప్పుడు మనిషి వాసన వాటి మీదికి పోదు. ఒక్క దారితో సరిపెట్టకుండా గాలి మారిన రోజుకు ఇంకోటి ఉంచుకోమనండి.

కొట్టే కాలం ఫిబ్రవరి, మార్చి. సీజన్ అయిపోయి ఉంటుంది, ఆకు ఉండదు, మంచు మీద జింకల బాటలు గీసినట్టు కనిపిస్తాయి. మేపుల్ కొమ్మలు నరికి పడేస్తే ఆ రాత్రే వచ్చి మొగ్గలు మేస్తాయి, ఆకలి రోజుల్లో వాటికది మంచి మేత. ఏప్రిల్ 15 నుంచి జూలై 15 వరకు మాత్రం ఓక్ చెట్టు మీద కత్తి పెట్టొద్దు. ఆ రోజుల్లో పచ్చి గాటు మీద వాలే పురుగులు ఓక్ విల్ట్ అనే శిలీంధ్రాన్ని తెస్తాయి, చెట్టు నిలువునా ఎండిపోతుంది. ఓక్ కాయలు జింకలకు ఇష్టమైన తిండి కూడా.

రంపం పట్టే ముందు రంగు రిబ్బన్లు కట్టుకుంటూ అటూ ఇటూ నడవాలి. మేం అడవిలో మంట పాకకుండా ఫైర్ లైన్లు వేసేటప్పుడు కూడా ముందు నడకే. నడవడానికి నాలుగడుగుల వెడల్పు చాలు. వాలు మీద నిట్టనిలువుగా దింపితే వాన నీళ్ళకు అదే వాగవుతుంది. వంద అడుగులకు పది అడుగులకు మించి ఎత్తు పెరగకుండా అడ్డంగా తిప్పాలి. చిత్తడి నేలలో మట్టి పోయాలంటే రాష్ట్రం అనుమతి కావాలి.

ఒక చిన్న విషయం, చాలామంది పట్టించుకోరు. బొటనవేలంత మొక్కల్ని ఏటవాలుగా నరుకుతారు. మిగిలిన మోడు ఈటె మొనలా నిలుస్తుంది, ఆకులు కప్పేశాక కనపడదు. బూటు అడుగులోంచి పాదంలోకి దిగిన మోడును బయటికి లాగడం చూశాను. మోడు ఎప్పుడూ నేలకు సమంగా, బల్లపరుపుగా కోయాలి.

మోటారు రంపం గురించి మీ భయం న్యాయమైనదే. ఒంటరిగా వెళ్ళకూడదు. హెల్మెట్, కళ్ళకు జాలీ, తొడలకు రంపం దిగని పట్టీలు ఉండాలి. కోసే ముందు తలెత్తి చూడాలి. విరిగి పైన చిక్కుకున్న ఎండు కొమ్మ రంపం అదురుకు ఊడి పడుతుంది. అలాంటి చెట్టును అనుభవం ఉన్నవాళ్ళకే వదిలేయాలి. ఈ పేరా యథాతథంగా మీ అబ్బాయికి పంపండి.

ప్రశ్న: మేం ఆదివారాలు కొండపల్లి అడవిలో నడుస్తాం. ముళ్ళపొదలు కొట్టి కొత్త దారి వేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, భవానీపురం, విజయవాడ

జవాబు: వద్దు. అది రిజర్వు అడవి. అనుమతి లేకుండా పొద కొట్టినా 1967 అటవీ చట్టం కింద నేరమే. బొమ్మల కర్ర తెల్లపొణికి పెరిగే చోటది. వేసవిలో ఆకు రాల్చిన పొణికి మొక్కను పోల్చుకోవడం కొత్తవాళ్ళ వల్ల కాదు. ఉన్న బాట ఎక్కడైనా మూసుకుపోతే ఫోటో తీసి, రేంజ్ ఆఫీసులో కాగితం రాసి ఇవ్వండి. కొట్టాలో వద్దో వాళ్ళే చూసి చెప్తారు.