తిరుపతిలో సమావేశాలకూ వేడుకలకూ హోటళ్లనే ఎందుకు ఎంచుకుంటారు?

బస, భోజనం, సమావేశ మందిరం ఒకేచోట దొరకడమే ప్రధాన కారణం. 1944 జూలైలో 44 దేశాల ప్రతినిధులు అంతర్జాతీయ ద్రవ్యనిధికీ ప్రపంచ బ్యాంకుకూ రూపకల్పన చేసింది అమెరికాలోని బ్రెటన్ వుడ్స్‌లో, మౌంట్ వాషింగ్టన్ హోటల్‌లోనే.

తిరుపతిలో దీనికి స్వామివారి దర్శనం కూడా తోడవుతుంది. కొండ మీద పెళ్లి జరిపించినవారు విందును దిగువన హోటల్లో ఏర్పాటు చేసుకుంటే, తలనీలాలు సమర్పించి గుండుకు చందనం పూసుకున్న బంధువులు లడ్డూల సంచులతో నేరుగా అక్కడికే వస్తారు. దర్శనం ఎప్పుడు పూర్తవుతుందో ముందుగా చెప్పలేం కనుక, ఆలస్యంగా దిగివచ్చినవారికి కూడా వేడివేడిగా వడ్డించగల హోటల్‌నే ఎంచుకోవడం మంచిది. వేలమంది హాజరయ్యే సభలకు మాత్రం హోటల్ హాలు చాలదు. 2017 జనవరిలో 104వ భారత సైన్స్ కాంగ్రెస్ శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జరిగింది.