సంతకానికి ముందు చదవవలసిన ఒక్క వాక్యం

ప్రశ్న: ఆరుగురు మిత్రులం చేతి డబ్బుతో 22 నిమిషాల లఘుచిత్రం తీశాము. నేపథ్య సంగీతమూ ఒక పాటా మాలో ఒకడే డబ్బు తీసుకోకుండా చేశాడు. టీకొట్టు సన్నివేశంలో రేడియోలో ఒక పాత సినిమా పాట పన్నెండు సెకన్లు వినిపిస్తుంది. ఒక యూట్యూబ్ చానల్ వారు ఏకమొత్తంగా కొంటామని ఒప్పందం పంపారు, నకలు జతచేశాను. చిత్రోత్సవాలకూ పంపాలని ఉంది. సంతకం పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఉన్నదున్నట్టుగా అయితే పెట్టకండి. డబ్బు సంగతి మొదటి పేజీలోనే ఉంది గానీ, అసలు సంగతి రెండో పేజీ అడుగున ఉంది. చిత్రంలోని దృశ్య, శబ్ద భాగాల సర్వహక్కులూ నిర్మాతవేననీ, ఎవరైనా అభ్యంతరం చెబితే ఆ నష్టమంతా నిర్మాతే భరించాలనీ అక్కడ రాశారు. ఆ వాక్యం కింద నిజాయతీగా సంతకం చేయగల స్థితిలో మీరు ఈరోజు లేరు.

ముందు టీకొట్టు పాట సంగతి. పది పదిహేను సెకన్లలోపు వాడుకుంటే ఎవరూ అడగరన్న మాట షార్ట్‌ఫిల్మ్‌లు తీసేవారిలో బాగా పాతుకుపోయింది గానీ, 1957 నాటి కాపీరైట్ చట్టంలో అలాంటి సెకన్ల లెక్క ఎక్కడా లేదు. సినిమా పాటలో సాహిత్యం, బాణీ, రికార్డింగు వేర్వేరు హక్కులు కాబట్టి అన్నింటికీ అనుమతి కావాలి. మీ బడ్జెట్‌కు అది అందే పని కాదు, తీసేయండి. పాటను ఎడిటింగ్‌లో కలిపి ఉంటే ఆ ట్రాకును ఆపేస్తే సరిపోతుంది. షూటింగ్ నాడు రేడియో నిజంగానే మోగి ఉంటే మాత్రం అది సంభాషణలలో కలిసిపోయి ఉంటుంది గనుక, ఆ సన్నివేశానికి మళ్లీ డబ్బింగ్ చెప్పించక తప్పదు. (ఈసారైనా రేడియో కట్టేసి తీయండి, గ్లాసుల చప్పుడు, స్టవ్ హోరు విడిగా రికార్డు చేసుకుంటే ఆ కొట్టు మరింత సహజంగా వినిపిస్తుంది.)

ఇక మీ మిత్రుడు. డబ్బు తీసుకోలేదు కాబట్టి సంగీతం మీదైపోదు. హక్కుల బదలాయింపు లిఖితపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుందని చట్టంలోని 19వ సెక్షన్ చెబుతుంది. ఏ హక్కులు, ఎంత కాలానికి, ఏ ప్రాంతానికి, ఏ ప్రతిఫలానికి అన్నవి అందులో ఉండాలి. కాలం రాయకపోతే 5 సంవత్సరాలుగానూ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ చట్టం భావిస్తుంది. యూట్యూబ్‌లో మీ చిత్రాన్ని డాలస్‌లో ఉన్న తెలుగువారూ చూస్తారు కాబట్టి ఈ ఖాళీని వదిలేయకండి. అయితే అతని చేత అన్నీ రాయించుకోవడమూ కుదరదు. థియేటర్‌లో చిత్రంతోపాటు వినిపించడం మినహా తక్కిన వినియోగాలపై రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును స్వరకర్త, గీత రచయిత తమ వారసులకో, వసూలు చేసి పెట్టే కాపీరైట్ సొసైటీకో తప్ప మరెవరికీ రాసివ్వలేరు. 2012 సవరణతో వచ్చిన రక్షణ ఇది. స్వరకర్తల, గీత రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సొసైటీ అయిన ఐపీఆర్‌ఎస్‌లో అతన్ని సభ్యత్వం తీసుకోమనండి.

చిత్రోత్సవాల విషయంలో వరుస ముఖ్యం. ఇంటర్నెట్‌లో అప్పటికే అందరికీ అందుబాటులో ఉన్న చిత్రాలను కొన్ని ఉత్సవాలు తీసుకోవు. కాబట్టి పాస్‌వర్డ్ ఉన్న లింకుతో ముందు అక్కడికి పంపి, చానల్‌లో విడుదల తేదీని ఆ తరువాతకు రాయించుకోండి. ఒప్పందంలోని ‘శాశ్వతంగా’ అన్న మాట స్థానంలో రెండు మూడేళ్లు అడగండి. ఆ మార్పుకు ఒప్పుకోకపోతే, నా మటుకు నేను ఆ డబ్బు వదులుకుంటాను.

ప్రశ్న: అన్నమాచార్య కీర్తనను గిటార్‌తో పాడి స్పాటిఫైలో పెట్టాలనుకుంటున్నాను. ఎవరి అనుమతైనా కావాలా?
– ఒక గాయని, తిరుపతి

జవాబు: సాహిత్యానికి అక్కర్లేదు. బాణీ ఎవరిదో చూసుకోండి. రాగాల పేర్లు రాగిరేకుల మీద ఉన్నా, నేడు మనం వినే బాణీలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవే. ఉదాహరణకు, ఎన్నో కీర్తనలకు స్వరాలు కూర్చిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు 1979లో మరణించారు. కర్త మరణానంతరం 60 ఏళ్ల లెక్కన ఆ స్వరరచనలకు 2039 చివరి వరకు రక్షణ ఉంటుంది. మీరే బాణీ కట్టుకుంటే ఈ చిక్కు లేదు, దానిపై హక్కూ మీదే. పాటను పంపిణీ సంస్థ ద్వారా పెట్టినప్పుడు వారు ఇచ్చే ఐఎస్‌ఆర్‌సీ నంబరును (ఒక్కో రికార్డింగును గుర్తుపట్టే అంతర్జాతీయ సంకేతం) రాసి దాచుకోండి. రేపు సంస్థ మారినా అదే రికార్డింగుకు అదే నంబరు ఇవ్వాలి.