కొత్తగా కోచ్ అయిన మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

హైస్కూల్లో పీఈటీగా చేరి వారమైందనీ, ఫుట్‌బాల్ టీమ్ తయారు చేస్తానంటున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నలభై మంది పిల్లలు, రెండు బంతులు, అందులో ఒకదానికి గాలి నిలవదు, అంతేగా? నా రోజుల్లోనూ అదే లెక్క. పంపు సూదిని గుచ్చే ముందు తడుపు, లేకపోతే ఆ రెండోదీ పోతుంది.

నీకు మొదట ఎదురయ్యేది అవతలి టీమ్ కాదు, లెక్కల మాస్టారు. డిసెంబర్ దాటితే గేమ్స్ పీరియడ్ ఆయనదే. గొడవపడకు. నేను పడి, హెడ్మాస్టరు గారి గదిలో చాలాసార్లు నిలబడ్డాను. పిల్లల్ని పొద్దున ఐదున్నరకి పిలువు. ఖాళీ కడుపుతో వస్తారు కాబట్టి గుప్పెడు నానబెట్టిన శనగలు, బెల్లం ముక్క దగ్గర పెట్టుకో.

వారానికోసారి అలవాటు లేని కాలితోనే ఆడించు. మొదటిరోజు నవ్వులే నవ్వులు. హైదరాబాద్‌లో రహీమ్ సాబ్ అలాంటి పోటీలే పెట్టేవారు. ఇండియా టీమ్‌కి కోచ్ అయిన ఆయన కూడా బడిపంతులే, గుర్తుంచుకో.

ఆయన గురించే ఇంకో కథ నీకు ఎవరో ఒకరు చెబుతారు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. డిఫెన్స్‌లో ఆడే ఆ మనిషిని రహీమ్ సాబ్ ఫార్వర్డ్‌గా దింపారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద జర్నైల్ గోల్ కొట్టాడు, 2-1తో బంగారు పతకం. వింటే ఒళ్లు పులకరిస్తుంది. నాకూ పులకరించింది, అదే కొంప ముంచింది.

డివిజన్ ఫైనల్. తొమ్మిదో తరగతి కుర్రాడు, మా వింగర్, ముందురోజే మడమ దగ్గర కాలు మెలిపడింది. "ఆడతాను సార్" అన్నాడు. పిల్లలు ఎప్పుడూ అంటారు. క్రేప్ బ్యాండేజ్ చుట్టి, పెద్ద సైజు బూట్లో పేపరు కూరి పంపాను. కప్పు గెలిచాం. బూటు మాత్రం ఊడి రాలేదు, లేసులు కత్తిరించాల్సి వచ్చింది. వాడు మళ్లీ ఆడలేదు. వాళ్ల నాన్న నన్ను ఒక్క మాటా అనలేదురా, కొడుకుని సైకిలు వెనక ఎక్కించుకుని నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

కాలికి దెబ్బ తగిలినవాణ్ణి ఆ ఒంటికాలి మీద పది గెంతులు వెయ్యమను. ముఖం చిట్లిస్తే బెంచీ మీదే. తలకి తగిలితే ఆ రోజుకి ఆట లేదు, ఎంత ఏడ్చినా సరే. కరెస్పాండెంట్ గారు అరిస్తే అరవనీ.

రెండు బంతులు బస్సు పార్సిల్లో వేశాను. చిన్నది, నాలుగో నంబరుది, ఆరో తరగతి పిల్లలకి, పెద్దవాళ్లని ముట్టుకోనివ్వకు.

మీ మావయ్య