బోనవెంచర్‌కు వెళ్ళబోయే అమ్మాయికి

చి.ల.సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అల్లుడికి అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని సవానాకు బదిలీ అయిందనీ, మార్చిలో మీ అత్తగారూ మామగారూ వస్తున్నారనీ, ఊళ్ళో చూడవలసినవి ఏమిటని ఎవరిని అడిగినా బోనవెంచర్ శ్మశానం పేరే ముందు చెబుతున్నారనీ, పెద్దవాళ్ళను శ్మశానానికి షికారు తీసుకువెళ్ళడం ఏం బాగుంటుందని నీకు సంకోచంగా ఉందనీ రాశావు. మా అబ్బాయి అక్కడ ఉద్యోగం చేసినన్నాళ్ళూ, అంటే వరుసగా ఆరు శీతకాలాలు, వారానికి ఒకసారైనా ఆ దారుల్లో నడిచినదాన్ని కనుక నాకు తెలిసింది చెబుతాను. తీసుకువెళ్ళాలా వద్దా అన్నది ఆ తరవాత నువ్వే తేల్చుకో.

ముందు ఆ సంకోచం సంగతి. మనకు శ్మశానమంటే ఊరి చివర, పని పడితే తప్ప అడుగు పెట్టని చోటు, వెళ్ళివస్తే వాకిట్లోనే నీళ్ళు పోసుకోవలసిన చోటు. అమెరికావాళ్ళకూ ఒకప్పుడు అది చర్చి ఆవరణలో ఇరుకిరుకుగా, పాతిన చోటే మళ్ళీ పాతుతూ, చూడబుద్ధి కాని స్థలంగానే ఉండేది. ఊళ్ళు పెరిగి అక్కడ చోటు చాలకపోయేసరికి ఊరి బయట విశాలంగా స్థలం తీసుకుని, చెట్లు నాటి, వంపులు తిరిగే బాటలు వేసి, తోటలాగే శ్మశానాన్ని కట్టడం మొదలుపెట్టారు. అమెరికాలో దానికి నాంది 1831లో బాస్టన్ పక్కన ఏర్పడిన మౌంట్ ఆబర్న్. న్యూయార్క్ సెంట్రల్ పార్కు ఇంకా పాతికేళ్ళకు పైగా దూరంలో ఉన్న కాలమది. పార్కులే లేని రోజుల్లో జనం ఆదివారం పూట అన్నం మూట కట్టుకుని పిల్లాజెల్లాతో వెళ్ళింది ఇలాంటి తోటలకే. కాబట్టి అక్కడ షికారు చేయడం మనం కొత్తగా చేసే అపచారమేమీ కాదు, ఆ చోటును కట్టినవాళ్ళ ఉద్దేశంలోనే అది ఉంది. మీ మామగారితో అయితే ఇంత చెప్పనక్కరలేదు. గోల్కొండ పక్కన కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆయన ఎన్నిసార్లు తిరిగి ఉంటారో గుర్తు చేస్తే చాలు.

బోనవెంచర్ ఊరికి తూర్పున, విల్మింగ్టన్ నది గట్టు మీద, వంద ఎకరాలకు పైగా పరుచుకుని ఉంటుంది. పద్ధెనిమిదో శతాబ్దంలో అది జాన్ ముల్‌రైన్ అనే ఆసామి తన అల్లుడు జొసయా టాట్నల్‌తో కలిసి పెట్టిన ఎస్టేటు. ఈనాడు మనం నోరు తెరుచుకుని చూసే ఓక్ చెట్ల వరసలకు మొదలు అక్కడే ఉంది. ఆ రెండు ఇంటిపేర్ల మొదటి అక్షరాల ఆకారం వచ్చేలా చెట్లు నాటించారని ఊళ్ళోవాళ్ళు కథగా చెప్పుకుంటారు. ఆ ఎస్టేటు నడిచింది బానిసల రెక్కల మీద అన్న మాట మాత్రం కథ కాదు. 1846లో పీటర్ విల్ట్‌బర్గర్ అనే హోటల్ యజమాని దాన్ని కొని, కొంత భాగాన్ని ఎవర్‌గ్రీన్ అనే పేరుతో శ్మశానంగా మార్చాడు. 1907లో నగరపాలక సంస్థ కొన్నాక పాత పేరే మళ్ళీ వచ్చింది. ఆ వరస గుర్తుంచుకుంటే నడక అర్థవంతంగా ఉంటుంది. తోట ముందు, సమాధులు తరవాత. చెట్ల కింద చోటు చూసుకుని మనుషులు పడుకున్నారు తప్ప మనుషుల కోసం చెట్లు నాటలేదు.

అందుకే నువ్వు వాళ్ళకు ముందుగా చూపించవలసింది చెట్లను. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పిన నోరు కనుక ఇక్కడ కాస్త ఎక్కువ మాట్లాడితే ఓర్చుకో. ఆ ఓక్‌ను లైవ్ ఓక్ అంటారు. ఉత్తరాది ఓక్‌ల మాదిరి శీతకాలమంతా మోడుగా నిలబడక పచ్చగానే ఉంటుంది కనుక ఆ పేరు. మన వేపచెట్టులాగే వసంతంలో పాత ఆకు రాలుస్తూనే కొత్త చివురు తొడుగుతుంది. కొమ్మలు పైకి పోవు, పక్కకు పోతాయి, బాటకు అటూ ఇటూ ఉన్న చెట్లు నడిమధ్యన కలుసుకుంటాయి. ఆ కొమ్మల నుంచి బూడిదరంగు జడల్లా వేలాడేదాన్ని స్పానిష్ మాస్ అంటారు గానీ, అది నాచూ కాదు, స్పెయిన్ దేశానిదీ కాదు, మన అనాసపండు కుటుంబానికి చెందిన పూలమొక్క. మామిడిచెట్టు మీద బదనిక చూసిన కళ్ళకు ఇదీ చెట్టు రసం పీల్చేదేనని అనుమానం వస్తుంది. మీ మామగారు తప్పకుండా ఆ మాటే అంటారు. అది కొమ్మను ఆసరాగా పట్టుకుంటుందే తప్ప చెట్టు నుంచి ఏమీ తీసుకోదు, గాలిలోని తేమతో, వాన నీటితో బతుకుతుంది. ఒకప్పుడు దాన్ని ఎండబెట్టి, మన బూరుగుదూది లాగా పరుపుల్లో కూరేవారు.

ఇంకొకటి ఉంది, చాలామంది చూడకుండా వెళ్ళిపోయేది. లావుపాటి కొమ్మల వీపు మీద, ఎండిపోయి ముడుచుకున్న గోధుమరంగు ఆకులు గుబురుగా కనిపిస్తాయి. చచ్చిన మొక్క అనుకుంటాం. ఒక జనవరిలో రెండు వారాలు వాన లేక అది నలిపితే పొడి అయ్యేట్టుగా ఉండడం చూశాను. రాత్రి వాన కురిసిన మర్నాడు వెళితే అదే కొమ్మ మీద జానెడు మందాన లేత పచ్చని ఫెర్న్ విచ్చుకుని ఉంది. ఒంట్లో నీరంతా ఇంచుమించు పోయినా ప్రాణం పట్టుకుని ఉండి, తడి తగిలిన కొద్ది గంటల్లో లేచి కూర్చునే మొక్క అది. రెసరెక్షన్ ఫెర్న్ అని పేరు, అంటే చచ్చి బతికేదని. శ్మశానంలో ఆ పేరు గల మొక్క ఉండడం ఎవరూ కల్పించింది కాదు, దక్షిణాది ఓక్‌ల మీద అది సాధారణంగా కనిపించేదే. కాబట్టి వాన పడిందని ప్రయాణం మానుకోకు. వాన వెలిసిన ఉదయానికి మించిన సమయం లేదు.

మార్చి రెండో సగం నుంచి ఏప్రిల్ మొదటి రోజుల దాకా అజేలియా పూలు పూస్తాయి. గులాబి, తెలుపు, ఊదా రంగుల్లో పొద పొదంతా పువ్వే అయిపోయి, పక్కనున్న పాలరాయి వెలవెలబోతుంది. మీవాళ్ళు వచ్చేది ఆ రోజుల్లోనే కనుక అదృష్టం. నన్నడిగితే మాత్రం డిసెంబరు, జనవరి నెలల్లో కామెలియాలు పూసే కాలమే ఎక్కువ ఇష్టం. అప్పుడు జనం పలచన, దోమలుండవు, తేయాకు దగ్గరి చుట్టమైన ఆ పువ్వు రేకులు విడిపోకుండా పువ్వు పువ్వుగా రాలి, రాతిపలకల మీద ఎవరో తెచ్చి పెట్టినట్టు పడి ఉంటుంది. మే నెలలో మాగ్నోలియా పూస్తుంది. అది మన సంపెంగకు అక్కచెల్లెలు. పువ్వు అరచేతికంటే పెద్దది, తెల్లగా ఉంటుంది, వాసన నిమ్మచెక్కను గుర్తు చేస్తుంది. పువ్వు లేకపోయినా ఆకును తిప్పి చూడమను, అడుగున తుప్పురంగు నూగు ఉంటుంది.

గేట్లు ఉదయం ఎనిమిదికి తెరిచి సాయంత్రం అయిదుకు మూసేస్తారు, ప్రవేశానికి రుసుము లేదు. ఎనిమిదింటికే వెళ్ళండి. టూరు బస్సులు పదింటికల్లా దిగుతాయి. పొద్దుటి వెలుతురు ఆ జడల గుండా ఏటవాలుగా పడే గంటన్నరే దానికి అందం.

ఇక ఎలా నడవాలన్నది. అందరూ చేసే పొరపాటు, ఫోనులో పటం పెట్టుకుని పేరున్న సమాధుల వెంట పరిగెత్తడం. వంద ఎకరాలు ఒక పూటలో చూడబోతే గుర్తుండేది కాళ్ళనొప్పి ఒక్కటే. ఏ నాలుగు దారుల మధ్యనో ఒక ముక్కను ఎంచుకో, ఆ పూటకు అదే మీ తోట. ఒక్కో కుటుంబం ఒక్కో మడి కొనుక్కుని, చుట్టూ మోకాలెత్తు రాతిగట్టు కట్టుకుని, ముందు ఒక మెట్టు పెట్టి, ఆ మెట్టు మీద ఇంటిపేరు చెక్కించుకుంది. చూడగానే వాకిలి అనిపిస్తుంది, నిజంగా వాకిలే. కొన్ని సమాధులకు తలాపిరాయి నుంచి కాళ్ళరాయి దాకా మంచం పట్టెల్లాగా అంచు కట్టి, నడుమ మట్టి పోసి పూలమొక్కలు నాటారు. సమాధే కుండీ అన్నమాట. శిల్పాలకూ ఒక భాష ఉంది. గొర్రెపిల్ల అంటే పసిబిడ్డ, సగంలో విరిగిన స్తంభం అంటే నడిమధ్యన ఆగిన ఆయుష్షు, పట్టుకున్న రెండు చేతులంటే వీడ్కోలు. ఈ మూడూ చెప్పి వదిలెయ్యి. మిగతావి మీ అత్తగారే పోల్చుకుంటారు.

గట్టు దాటి లోపలికి అడుగు పెట్టవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే నేను పెట్టాను. మొదటి ఏడాది ఒక మడిలో తెల్ల కామెలియా విరగబూసి ఉంటే ఫొటో కోసం లోపలికి వెళ్ళి, అక్కడి రాతిపలక మీద నా చేతిసంచీ కూడా పెట్టుకున్నాను. వెనక నుంచి నెమ్మదిగా ఎవరో పలకరించారు. నా వయసే ఉన్న ఒకావిడ, చేతిలో నీళ్ళ డబ్బా, మట్టి అంటుకున్న తోటచేతొడుగులు. కోప్పడలేదు. "ఆ కామెలియా మా అమ్మ నాటింది, మీరు సంచీ పెట్టింది అమ్మ మీదే" అంది. నేను ఎంత సిగ్గుపడ్డానో చెప్పలేను. ఆవిడే నా సంచీ అందించి, ఆ చెట్టుకు ఎప్పుడు కత్తిరింపు వేయాలో, పాలరాతి మీద సబ్బూ బ్లీచూ పోస్తే రాయి ఎలా పుచ్చిపోతుందో పావుగంట చెప్పింది. అది ఇప్పటికీ ఖననాలు జరుగుతున్న చోటని నాకు ఆ రోజే తలకెక్కింది. అంత్యక్రియల వాళ్ళు కనబడితే కెమెరా దించి ఇంకో దారి పట్టండి. అక్షరాలు చదవడానికి రాతిని గీకవద్దు, రుద్దవద్దు, పక్కకు జరిగి వెలుగు ఏటవాలుగా పడే కోణంలో చూస్తే అవే కనిపిస్తాయి. ఆరోజు నుంచి నేను ఏ మడి దగ్గరైనా మెట్టు బయటే నిలబడి, ఇంటిపేరు చదివి, ఒక్క క్షణం ఆగి చూస్తాను, పొరుగువారి ముగ్గు చూసినట్టు.

పేరున్నవాటిలో ఒక్కదానికి మాత్రం వెళ్ళండి. గ్రేసీ వాట్సన్ అని ఆరేళ్ళ పిల్ల. తండ్రి ఊళ్ళోని పులాస్కీ హౌస్ హోటలుకు మేనేజరు. 1889లో న్యుమోనియాతో పోయింది. జాన్ వాల్జ్ అనే శిల్పి ఫొటో చూసి పాలరాతిలో మలిచాడు. పిల్ల కూర్చుని ఉంటుంది, పక్కన నరికిన చెట్టు మోడు, దాని మీద చెయ్యి. గౌను కుచ్చులు, బూటు గుండీలు కూడా లెక్కపెట్టవచ్చు. ఇప్పుడు చుట్టూ ఇనుప కంచె ఉంది, జనం బొమ్మలు తెచ్చి పెడుతుంటారు. మీ అత్తగారికి ఆ పాప దగ్గర కాస్త సమయం కావాలి, తొందరపెట్టకు. కవి కాన్రాడ్ ఐకెన్ తన సమాధిని బల్లగా చేయించుకున్నాడు, వచ్చినవాళ్ళు కూర్చోవాలని. కాళ్ళు పీకితే ఆ ఒక్కచోట సంకోచం లేకుండా కూర్చోవచ్చు. రెండు చేతుల్లో రెండు పళ్ళేలు పట్టుకున్న పిల్ల విగ్రహం కోసం మాత్రం వెతకవద్దు. 1994లో ఒక పుస్తకం ముఖచిత్రంగా వచ్చాక జనం తాకిడికి తట్టుకోలేక దాన్ని మ్యూజియానికి తరలించారు.

మామగారికి నచ్చే కథ ఒకటుంది. 1867లో ఇరవై తొమ్మిదేళ్ళ జాన్ మ్యూర్, తరవాతి కాలంలో కాలిఫోర్నియాలోని యోసెమిటీ అడవుల కోసం పోరాడినవాడు, ఫ్లోరిడాకు కాలినడకన పోతూ సవానాలో చేతిలో డబ్బు అయిపోయి, ఇంటి నుంచి రావలసిన సొమ్ము కోసం ఎదురుచూస్తూ కొన్ని రాత్రులు బోనవెంచర్‌లోనే పడుకున్నాడు. దయ్యాల భయంతో దొంగలు అటు రారని ఆయన లెక్క.

ఒక పూట వీలు చేసుకుని ఊరికి పశ్చిమాన ఉన్న లారెల్ గ్రోవ్ శ్మశానం దక్షిణ భాగానికి కూడా వెళ్ళండి. బానిసలుగా బతికినవారిని, స్వేచ్ఛ పొందిన నల్లవారిని పూడ్చిన చోటు అది. సవానాలో నల్లవారి తొలి బాప్టిస్టు చర్చి పెద్ద ఆండ్రూ బ్రయాన్ సమాధి అక్కడ ఉంది. అజేలియాలు అంత ఉండవు, బస్సులూ రావు. బోనవెంచర్ అందం చూసి కళ్ళు చెదిరినవాళ్ళు దీన్ని చూడకుండా తిరిగివస్తే సగమే చూసినట్టని నా అభిప్రాయం.

మిగిలినవి చిన్న సంగతులు. వసంతంలో అక్కడ శాండ్ నాట్స్ అని కంటికి ఆనని పురుగులు కుడతాయి, నిండు చేతుల చొక్కాలు వేసుకోమను. కింద రాలిన స్పానిష్ మాస్ ముట్టుకోవద్దు, నల్లుల్లాంటి సన్న పురుగులు దాన్లో చేరి దద్దుర్లు తెప్పిస్తాయి. బాటలు చాలాచోట్ల ఇసుకే, వేర్లు పైకి లేచి ఉంటాయి, పెద్దవాళ్ళకు చెప్పులు కాదు బూట్లు కావాలి. కారు లోపలికి పోనిస్తారు కనుక నడవలేకపోతే నది గట్టు దాకా మెల్లగా కారులోనే వెళ్ళి, అక్కడ దిగి కూర్చోండి.

ఇంటికి వచ్చాక మీ అత్తగారు స్నానం చేస్తానంటారు. నేనూ ఆరేళ్ళూ చేశాను. ఏమీ వాదించకుండా, బయలుదేరే ముందే పొడి చీరా తువ్వాలూ గుమ్మం పక్కన పెట్టి ఉంచు.

పెద్దమ్మ